డెక్, పోర్చ్ నిర్మాణం (అమెరికా నివాస గృహాలు)

నిర్వచనం, పరిధి

ఇంటి గోడకు ఆనించి గానీ, ఇంటికి విడిగా గానీ, నేలకు ఎత్తులో చెక్కతో లేదా చెక్కను పోలిన పదార్థంతో కట్టిన కప్పులేని వేదికను డెక్ అంటారు. ఎక్కువగా ఇది ఇంటి వెనక, వంటగది లేదా హాలు తలుపు తీయగానే అడుగుపెట్టేలా ఉంటుంది. పోర్చ్‌కు పైకప్పు ఉంటుంది, సాధారణంగా వీధి వైపు ఉంటుంది. తెలుగు ఊళ్లలో అరుగు, వసారా చేసే పనినే అమెరికా ఇళ్లలో పోర్చ్ చేస్తుంది. నేల మీదే పరిచిన కాంక్రీటు, రాయి లేదా ఇటుక తళాన్ని ప్యాటియో అంటారు. దానికి దూలాలు, స్తంభాలు ఉండవు కాబట్టి నియమాలూ తక్కువే.

ఈ వ్యాసం ప్రధానంగా డెక్‌కు సంబంధించినది. ప్రణాళిక, అనుమతి, వ్యయం, కాంట్రాక్టరు ఎంపిక, ఒప్పందం ఇందులో వస్తాయి. పోర్చ్ విషయంలో తేడా ఉన్నచోట దాన్ని విడిగా చెప్పడం జరిగింది.

చరిత్ర

అమెరికాలో పోర్చ్ డెక్ కంటే చాలా పాతది. జార్జ్ వాషింగ్టన్ మౌంట్ వెర్నాన్ ఇంటికి పొటోమాక్ నది వైపు కట్టించిన రెండంతస్తుల ఎత్తు స్తంభాల వసారా 1777లో పూర్తయింది. 19వ శతాబ్దంలో ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ వంటి రచయితల పుస్తకాలు వసారా ఉన్న పల్లెటూరి ఇంటిని మధ్యతరగతికి ఆదర్శంగా చూపాయి. వేడి, తేమ ఎక్కువైన దక్షిణ రాష్ట్రాల్లో పోర్చ్ అలంకారం కాదు, గాలి తగిలే ఏకైక చోటు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఏర్ కండిషనర్, కారు, టెలివిజన్ ఇంటి జీవనాన్ని వీధి నుంచి పెరటికి మళ్లించాయి. 1980ల్లో ఫ్లోరిడాలోని సీసైడ్ పట్టణం ఇంటి ముందు పోర్చ్‌ను ఊరి నియమాల్లో చేర్చి ఆ ధోరణిని తిరగతిప్పే ప్రయత్నం చేసింది.

డెక్ పెరటి సంస్కృతికి పుట్టిన బిడ్డ. ఉద్యానవన రూపశిల్పి థామస్ చర్చ్ 1948లో కాలిఫోర్నియాలోని సొనోమా దగ్గర డోనెల్ కుటుంబం కోసం చేసిన తోటలో, చెట్లను కొట్టకుండా వాటి చుట్టూ రెడ్‌వుడ్ చెక్క వేదిక వేయించాడు. ఆ రకం తోటలు పత్రికల ద్వారా పశ్చిమ తీరమంతా పాకాయి. అయితే రెడ్‌వుడ్, సెడార్ ఖరీదైనవి. దేశమంతా సామాన్యుల ఇళ్లకు డెక్ చేరడానికి కారణం మందు పట్టించిన పైన్ కలప.

ఆ మందు కథలో తెలుగు పాఠకులకు తెలిసిన ఇంటిపేరు ఒకటి ఉంది. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలను కలిపి కలపకు పట్టించే పద్ధతిని 1933లో రూపొందించారు. 1938లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. రాగి శిలీంధ్రాన్ని, ఆర్సెనిక్ చెదపురుగును ఆపితే, క్రోమియం ఆ రెండింటినీ చెక్క పీచుకు పట్టి ఉంచి వానకు కడుక్కుపోకుండా చేస్తుంది. సీసీఏ పేరుతో ఈ మందే దశాబ్దాల పాటు అమెరికా పెరళ్లను ఏలింది. పిల్లలు తాకే చోట ఆర్సెనిక్ ఉండటంపై ఆందోళన పెరగడంతో, 2003 చివరి నుంచి నివాస వినియోగానికి దాన్ని దాదాపుగా ఆపేశారు. ఇప్పుడు వాడుతున్నవి రాగి ప్రధానమైన మందులు. వీటిలో రాగి మోతాదు ఎక్కువ కావడంతో మామూలు ఇనుప మేకులు, మరలు త్వరగా తుప్పుపడతాయి. మందు కలపలో వేడి జింకు పూత వేసిన లేదా స్టెయిన్‌లెస్ స్టీలు మరలే వాడాలన్న నియమానికి మూలం ఇదే.

మరో మలుపు 1990ల్లో వచ్చింది. వాడేసిన ప్లాస్టిక్ సంచులను కరిగించి, కలప పొట్టుతో కలిపి పలకలుగా పోసే కాంపోజిట్ పదార్థం మార్కెట్లో నిలదొక్కుకుంది. మొబిల్ సంస్థ విభాగం నుంచి 1996లో వేరుపడిన ట్రెక్స్ కంపెనీ దీనికి ముందు నడిచింది.

రకాలు

నేలమట్టపు డెక్, ఇంటికి అంటించిన డెక్, ఎత్తైన డెక్, పలు అంతస్తుల డెక్, ఈతకొలను చుట్టూ వేసేది అనేవి ప్రధాన రూపాలు. పోర్చ్‌లలో తెరిచి ఉంచినవి, దోమతెర బిగించినవి, అద్దాలతో మూసినవి ఉన్నాయి. అద్దాలు బిగించిన పోర్చ్‌ను చాలా ఊళ్లలో అదనపు గదిగా లెక్కిస్తారు. అప్పుడు పునాది, విద్యుత్తు, ఉష్ణ నిరోధం నియమాలన్నీ వర్తిస్తాయి, ఖర్చు డెక్‌తో పోల్చలేనంత పెరుగుతుంది.

ఏ రూపం ఎక్కడ కనిపిస్తుందన్నది నేలను బట్టి ఉంటుంది. అట్లాంటా శివార్లలోని వాలు నేలల్లో, వెనక వైపు బేస్‌మెంటు నేరుగా పెరట్లోకి తెరుచుకునే ఇళ్లకు ఒక అంతస్తు ఎత్తున డెక్ కడతారు. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న డాలస్ ఉత్తర శివార్లలో నేల చదును, ఇళ్లు కాంక్రీటు పలక మీద లేస్తాయి. అందుకే అక్కడ కప్పువేసిన ప్యాటియోనే ఎక్కువ.

నిర్మాణ సూత్రం: బరువు నడిచే దారి

డెక్ మీద నిలిచిన మనిషి బరువు ముందు పై పలకల మీద పడుతుంది. అక్కడి నుంచి అడ్డంగా వరుసగా పరిచిన చిన్న దూలాలకు, వాటి నుంచి ఒకవైపు పెద్ద దూలానికీ మరోవైపు ఇంటి గోడకు బిగించిన లెడ్జర్ బోర్డుకూ, పెద్ద దూలం నుంచి స్తంభాలకు, స్తంభాల నుంచి నేలలోని కాంక్రీటు పునాదులకు, అంటే ఫుటింగులకు చేరుతుంది. ఈ గొలుసులో లంకె తెగితే డెక్ మొత్తం కూలే ప్రమాదం ఉంది.

అంతర్జాతీయ నివాస నిర్మాణ నియమావళిని అమెరికా రాష్ట్రాలు, నగరాలు తమ మార్పులతో అనుసరిస్తాయి. అది డెక్‌కు సాధారణంగా చదరపు అడుగుకు 40 పౌండ్ల చర బరువు, అంటే మనుషులు, సామాన్ల బరువు, లెక్క కట్టమంటుంది. దీనికి డెక్ సొంత బరువు కింద చదరపు అడుగుకు 10 పౌండ్లు కలుపుతారు. ఇంటి గోడ వెంబడి 16 అడుగులు, పెరట్లోకి 12 అడుగులు ఉన్న డెక్‌ను ఉదాహరణగా తీసుకుంటే వైశాల్యం 192 చదరపు అడుగులు, మొత్తం బరువు 9,600 పౌండ్లు, అంటే సుమారు 4,350 కిలోలు. పెద్ద దూలం బయటి అంచున ఉంటే ఇందులో సగం, 4,800 పౌండ్లు, ఆ దూలం మోస్తుంది. మిగిలిన సగం లెడ్జర్ బోర్డు మోస్తుంది. దూలం కింద మూడు స్తంభాలు ఉంటే నడిమి స్తంభం మీద దాదాపు 2,400 పౌండ్లు పడతాయి. చదరపు అడుగుకు 1,500 పౌండ్లు మోసే బంకనేలలో ఆ స్తంభం కింద ఫుటింగు కనీసం 1.6 చదరపు అడుగులు ఉండాలి. గుండ్రంగా తీస్తే 18 అంగుళాల వ్యాసం. ఇంటి యజమాని ఈ లెక్క స్వయంగా వేసి చూసుకుంటే, కాంట్రాక్టరు 12 అంగుళాల గుంట చాలంటున్నప్పుడు ఎందుకని అడగగలడు.

వేడినీటి తొట్టి ఈ లెక్కలో పట్టదు. రెండడుగుల లోతు నీరే చదరపు అడుగుకు 125 పౌండ్లు, సాధారణ డెక్ చర బరువుకు మూడింతలు. తొట్టి పెట్టాలన్న ఆలోచన ఎప్పటికైనా ఉంటే దాన్ని మొదటి రోజే చెప్పి దూలాలు, ఫుటింగులు వేరుగా రూపొందించుకోవాలి.

*లెడ్జర్ బోర్డు.* డెక్ కూలిన ఘటనల్లో పదేపదే బయటపడేది ఇంటికీ డెక్‌కూ మధ్య అతుకు విడిపోవడం. లెడ్జర్‌ను మేకులతో మాత్రమే కొడితే, ఏళ్ల తరబడి కదలికకు మేకులు నెమ్మదిగా బయటికి జారతాయి. గోడకూ బోర్డుకూ మధ్య వాననీరు దిగితే లోపలి చెక్క కుళ్లుతుంది, పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. అందుకే నియమావళి అర అంగుళం మందం బోల్టులు లేదా పెద్ద మరలు నిర్ణీత ఎడంలో వేయమంటుంది. లెడ్జర్ మీదుగా గోడ పొర కిందికి వెళ్లేలా ఫ్లాషింగ్ రేకు వేయమంటుంది. డెక్ గోడ నుంచి పక్కకు లాగబడకుండా, ఇంటి లోపలి దూలాలకు తగిలించే 1,500 పౌండ్ల సామర్థ్యం గల ఉక్కు బిగింపులు రెండు, లేదా 750 పౌండ్లవి నాలుగు సూచిస్తుంది. అలంకారంగా పేర్చిన పైపొర ఇటుక గోడకు లెడ్జర్ బిగించకూడదు, ఎందుకంటే ఆ ఇటుక తన బరువు తప్ప ఇంకేదీ మోయదు. అలాంటి ఇళ్లకు ఇంటిని తాకని, నాలుగువైపులా తన స్తంభాల మీదే నిలిచే డెక్ సురక్షితం.

*ఫుటింగులు.* చలి ప్రాంతాల్లో నేలలోని నీరు గడ్డకట్టి ఉబ్బితే పై కట్టడం లేచిపోతుంది. అందుకే ఫుటింగు అడుగు మంచు దిగే లోతుకు కిందే ఉండాలి. మిన్నెసోటా ఉత్తర భాగంలో ఇది 60 అంగుళాలు, దక్షిణ భాగంలో 42. డాలస్‌లో మంచు భయం లేదు గానీ నల్ల బంకమన్ను ఉంది. ఆంధ్ర, తెలంగాణల నల్లరేగడిలాగే అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. అక్కడ లోతుకంటే నీరు పోయే దారి ముఖ్యం.

*రెయిలింగు, మెట్లు.* నడిచే తలం నేలకు 30 అంగుళాలకు మించి ఎత్తుంటే రెయిలింగు తప్పనిసరి. దాని కనీస ఎత్తు 36 అంగుళాలు, కాలిఫోర్నియాలో 42. కడ్డీల సందుల్లోంచి 4 అంగుళాల బంతి దూరకూడదు, ఇది పసిపిల్లల తల కొలతతో వచ్చిన నియమం. మెట్టు ఎత్తు ఏడుముప్పావు అంగుళాలు మించరాదు, అడుగుపెట్టే వెడల్పు 10 అంగుళాలకు తగ్గరాదు. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ ఎత్తులున్న మెట్లకు చేతిపట్టు ఉండాలి.

భద్రతా చరిత్రలో రెండు ఘటనలు

2003 జూన్ 29న చికాగోలోని లింకన్ పార్క్ ప్రాంతంలో జనంతో కిక్కిరిసిన మూడో అంతస్తు చెక్క పోర్చ్ కింది అంతస్తుల మీద పడి 13 మంది చనిపోయారు. 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక భవనం బాల్కనీ విరిగి ఆరుగురు యువతీయువకులు మరణించారు. దూలాలు లోపల నీరు చేరి కుళ్లాయని విచారణలో తేలింది. ఆ తర్వాత కాలిఫోర్నియా 2018, 2019లలో అపార్ట్‌మెంట్లు, కండోమినియంల బాల్కనీలు, డెక్‌లకు కాలానుగుణ తనిఖీని తప్పనిసరి చేసే చట్టాలు తెచ్చింది. ఒంటరి ఇళ్లకు అవి వర్తించవు. కాబట్టి సొంత ఇంటి డెక్‌ను చూసుకునే బాధ్యత యజమానిదే.

ప్రణాళిక

డెక్ ఎంత పెద్దదని అడిగే ముందు దాని మీద ఏం జరుగుతుందో రాసుకోవాలి. ఆరుగురు కూర్చునే భోజనబల్లకు, కుర్చీలు వెనక్కి జరపడానికి, చుట్టూ నడవడానికి కలిపి దాదాపు 12 అడుగుల చదరం పడుతుంది. సత్యనారాయణ వ్రతానికో, పుట్టినరోజుకో ఇంటికి ముప్పై నలభై మంది వచ్చే తెలుగు కుటుంబానికి, ఒక మూల బల్లకన్నా ఖాళీ నేల, వెడల్పాటి మెట్లే ఎక్కువ ఉపయోగపడతాయి.

వంట విషయం ప్రణాళికలో విడిగా రావాలి. ఇంట్లో నూనె వాసన నిలవకుండా గారెలు, చేపల వేపుడు బయట వండే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. గ్యాసు పొయ్యిని రెయిలింగుకూ, ఇంటి గోడకూ, కప్పుకూ దూరంగా పెట్టాలి. కాంపోజిట్ పలకలు వేడికి మెత్తబడతాయి, నూనె మరక కొన్నిటి మీద నిలిచిపోతుంది. వంట కోసం డెక్ అంచున నేల మీద చిన్న రాతి తళం వేసుకోవడం తక్కువ ఖర్చుతో తేలే మార్గం.

వాస్తు పాటించే కుటుంబాలు సాధారణంగా అడిగేవి ఈశాన్యం పల్లంగా, తెరిచి ఉండటం, నైరుతి ఎత్తుగా ఉండటం. ఈ కోరికలను నమూనా దశలోనే చెప్పాలి. ఫుటింగులు పోశాక డెక్‌ను జరపడమంటే మళ్లీ కట్టడమే.

స్థలానికి సంబంధించి సర్వే పటం చూడటం మొదటి పని. సరిహద్దు నుంచి విడవాల్సిన దూరం, నీటి లేదా విద్యుత్ లైన్ల కోసం వదిలిన పట్టీ, మురుగు ట్యాంకు ఉంటే దాని చోటు అందులో తెలుస్తాయి. గుంటలు తీసే ముందు 811కు ఫోన్ చేస్తే భూగర్భ లైన్లను ఉచితంగా గుర్తిస్తారు. 2007 నుంచి దేశమంతా ఇదే నంబరు పనిచేస్తోంది.

అనుమతులు

రెండు అనుమతులు వేర్వేరు. ఇళ్ల యజమానుల సంఘం, అంటే హెచ్‌ఓఏ, రంగు, పదార్థం, ఎత్తు, పక్కింటికి కనిపించే తీరు చూస్తుంది. నగరం లేదా కౌంటీ భద్రత చూస్తుంది. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు. పైన చెప్పిన అంతర్జాతీయ నియమావళి ప్రకారం 200 చదరపు అడుగులకు మించని, నేలకు 30 అంగుళాలకు మించి ఎత్తులేని, ఇంటికి అంటించని, ఇంటి ప్రధాన నిష్క్రమణ తలుపుకు దారి కాని డెక్‌కు పర్మిట్ అక్కర్లేదు. ఈ నాలుగు షరతులూ కలిసి నెరవేరాలి. స్థానిక నియమం ఇంతకంటే కఠినంగా ఉండవచ్చు.

పర్మిట్ ఉన్న పనికి సాధారణంగా మూడు తనిఖీలు ఉంటాయి. గుంటలు తీశాక కాంక్రీటు పోయకముందు ఒకటి, దూలాలు బిగించాక పలకలు వేయకముందు ఒకటి, పని ముగిశాక ఒకటి. మొదటి రెండూ తర్వాత కంటికి కనిపించని భాగాలను చూస్తాయి కాబట్టి వాటికే విలువ ఎక్కువ. పర్మిట్ లేకుండా కట్టిన డెక్ ఇల్లు అమ్మే సమయంలో కొనుగోలుదారు తనిఖీలో బయటపడుతుంది. అప్పుడు విప్పి చూపించడమో, ధర తగ్గించడమో తప్పదు.

పదార్థాలు

మందు పట్టించిన సదరన్ పైన్ చవక, బలమైనది. తడిగా వస్తుంది, ఎండుతూ వంకర పోతుంది, రెండు మూడేళ్లకోసారి రంగు లేదా నీటిని ఆపే పూత అవసరం. సెడార్, రెడ్‌వుడ్ సహజంగా కుళ్లును తట్టుకుంటాయి, మెత్తగా ఉండటంతో గీతలు పడతాయి. బ్రెజిల్ నుంచి వచ్చే ఇపే వంటి గట్టి చెక్క దశాబ్దాలు నిలుస్తుంది, కోయడమూ బిగించడమూ కష్టం కాబట్టి కూలి కూడా పెరుగుతుంది. కాంపోజిట్, పీవీసీ పలకలకు రంగు వేయనక్కర్లేదు గానీ ఎండలో ముదురు రంగువి అరికాలు కాల్చేంత వేడెక్కుతాయి. వీటికి చిన్న దూలాల మధ్య దూరం మధ్య నుంచి మధ్యకు 16 అంగుళాలు, ఏటవాలుగా పరిస్తే 12 అంగుళాలు మించకూడదని చాలా తయారీదారులు కోరతారు.

పై పలక ఏదైనా కింది చట్రం దాదాపు ఎప్పుడూ మందు పట్టించిన పైన్‌దే. అంటే ఖరీదైన కాంపోజిట్ డెక్ ఆయుష్షు కూడా కింది చెక్క ఆయుష్షును మించదు. చట్రం మీద తేమను ఆపే పట్టీలు వేయించడానికి అయ్యే చిన్న ఖర్చు ఇక్కడే సార్థకమవుతుంది.

కలప కొలతలు పేరులో ఒకటి, చేతిలో మరొకటి. రెండు పది అని పిలిచే దూలం నిజ కొలత ఒకటిన్నర అంగుళం మందం, తొమ్మిదింపావు అంగుళాల వెడల్పు. అంచనాలు పోల్చేటప్పుడు ఇది తెలిసి ఉండాలి.

వ్యయం, బడ్జెట్

అమెరికాలో ఇళ్ల మార్పుల వ్యయాన్ని ఏటా పోల్చే కాస్ట్ వర్సెస్ వ్యాల్యూ నివేదిక 2024లో 16×20 అడుగుల చెక్క డెక్‌కు జాతీయ సగటు సుమారు 17,600 డాలర్లని, కాంపోజిట్‌కు 24,200 డాలర్లని లెక్కగట్టింది. చదరపు అడుగుకు లెక్కిస్తే వరుసగా 55, 76 డాలర్ల దాకా వస్తుంది. అమ్మకంలో తిరిగి వచ్చే భాగం చెక్క డెక్‌కు 80 శాతానికి పైన, కాంపోజిట్‌కు 70 శాతానికి కొంచెం తక్కువ. అంతకుముందు ఏడాది అదే నివేదికలో ఈ శాతాలు దాదాపు 50, 40. ఒక్క ఏడాదిలో ఇంత ఊగిసలాడే అంకెను చూసి డెక్‌ను పెట్టుబడిగా కట్టడం సరికాదు. ఇంట్లో ఎన్నాళ్లుంటారు, ఎంత వాడతారు అన్నదే నమ్మదగిన లెక్క.

జాతీయ సగటు ఒక ఇంటి ధర చెప్పదు. ఖర్చును పెంచేవి వైశాల్యం కంటే ఎత్తు, మెట్ల సంఖ్య, రెయిలింగు పొడవు, మూలల సంఖ్య. నేలమట్టపు డెక్‌కు రెయిలింగు లేకపోవడంతోనే పెద్ద మొత్తం మిగులుతుంది. పాత డెక్ తీసివేత, చెత్త తరలింపు, పర్మిట్ రుసుము, దీపాలు, తవ్వకంలో తగిలే బండరాయి అంచనాలో తరచూ మరిచిపోయే పద్దులు. కలప ధర కూడా నిలకడైనది కాదు. 2021 మే నెలలో ఫ్యూచర్స్ మార్కెట్లో వెయ్యి బోర్డు అడుగుల ధర 1,600 డాలర్లు దాటింది, కొద్ది నెలల్లోనే అందులో సగానికంటే కిందికి పడింది. కాబట్టి అంచనా ఎన్ని రోజులు చెల్లుతుందో కాగితం మీద ఉండాలి. కాంట్రాక్టు మొత్తానికి పైన 10 నుంచి 15 శాతం పక్కన పెట్టుకోవడం వాడుక.

డబ్బు చాలకపోతే నాణ్యత తగ్గించడం కంటే పరిమాణం తగ్గించడం మేలు. ఫుటింగులు, చట్రం పూర్తి కొలతలతో వేసి పలకల రకం మార్చుకోవచ్చు. చట్రంలో కోత పెట్టి పైన ఖరీదైన పలకలు వేస్తే ఆ పొదుపు ఎప్పటికీ సరిదిద్దలేనిదవుతుంది. అప్పు తీసుకునేవారు ఇంటి మీది ఈక్విటీ రుణం వైపు చూస్తారు, అందులో తాకట్టులో ఉండేది ఇల్లేనని గుర్తుంచుకోవాలి. ఖర్చు రసీదులు భద్రపరిస్తే ఇల్లు అమ్మినప్పుడు పన్ను లెక్కలో అసలు ధరకు కలుపుకోవచ్చు.

కాంట్రాక్టరు ఎంపిక

లైసెన్సు నియమాలు రాష్ట్రానికో తీరుగా ఉన్నాయి. కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు వెబ్‌సైటులో నంబరు కొట్టి లైసెన్సు స్థితి, బాండు, ఫిర్యాదుల వల్ల తీసుకున్న చర్యలు చూడవచ్చు. న్యూజెర్సీలో ఇళ్ల మరమ్మతు కాంట్రాక్టర్లు రాష్ట్రంలో నమోదు కావాలి, 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి. టెక్సాస్‌లో సాధారణ కాంట్రాక్టరుకు రాష్ట్ర లైసెన్సే లేదు. అక్కడ వడపోత పూర్తిగా యజమాని చేతుల్లో ఉంటుంది. వడగళ్ల వానల తర్వాత ఇంటింటికీ తిరిగే గుత్తదారుల విషయంలో జాగ్రత్త మరింత అవసరం.

అన్ని రాష్ట్రాల్లోనూ అడగాల్సినవి రెండు బీమాలు. ఆస్తినష్టం, గాయాలకు సాధారణ బాధ్యతా బీమా, పనివాళ్లకు కార్మిక నష్టపరిహార బీమా. పత్రాన్ని కాంట్రాక్టరు చేతి నుంచి కాక బీమా ఏజెంటు నుంచి నేరుగా తెప్పించుకోవాలి. రెండోది లేకుండా పనివాడు మెట్ల మీంచి పడితే దావా ఇంటి యజమాని మీదికి రావచ్చు.

తెలుగు సమాజంలో కాంట్రాక్టరు పేరు ఎక్కువగా వాట్సాప్ గుంపుల్లో, తెలిసినవారి సిఫారసుతో అందుతుంది. సిఫారసు మంచి మొదలు, కానీ అది సాధారణంగా పని పూర్తయిన కొత్తలో ఇచ్చినది. మూడు నాలుగు శీతాకాలాలు చూసిన డెక్ ఒకటి చూపించమని అడిగి, దాని కిందికి వంగి లెడ్జర్, బోల్టులు, స్తంభాల అడుగు భాగం చూస్తే పనితనం తెలిసిపోతుంది. ఉత్తర అమెరికా డెక్, రెయిలింగు సంఘంలో సభ్యత్వం అదనపు గుర్తింపే తప్ప లైసెన్సుకు బదులు కాదు.

మూడు అంచనాలు తీసుకోవడం పరిపాటి, అయితే ముగ్గురికీ ఒకే గీత పటం, ఒకే పదార్థాల జాబితా ఇవ్వకపోతే ఆ పోలికకు అర్థం లేదు. ఒక అంచనా మిగిలినవాటికంటే బాగా తక్కువగా ఉంటే తేడా ఎక్కడుందో వెతకాలి. తరచూ అది ఫుటింగు లోతులోనో, పర్మిట్ లేకపోవడంలోనో దొరుకుతుంది. పర్మిట్ మీరే తెచ్చుకోండని కాంట్రాక్టరు అంటే అది హెచ్చరిక. పర్మిట్ ఎవరి పేరున ఉంటే నియమాల బాధ్యత వారిది, లైసెన్సు లేనివాడే సాధారణంగా ఆ కోరిక కోరతాడు.

ఒప్పందం, చెల్లింపులు

ఒప్పందంలో కొలతలతో కూడిన పటం, పలకల కంపెనీ పేరు, రకం, రంగు, చట్రం కలప కొలతలు, బోల్టుల రకం, ఫుటింగు లోతు, ప్రారంభ, ముగింపు తేదీలు, పర్మిట్ బాధ్యత, చెత్త తీసివేత, హామీ కాలం ఉండాలి. తయారీదారు 25 ఏళ్ల హామీ ఇచ్చినా అది తరచూ పలకకే వర్తిస్తుంది, దాన్ని మార్చే కూలికి కాదు. కూలి హామీ కాంట్రాక్టరు నుంచి విడిగా రాయించుకోవాలి.

మధ్యలో కోరే ప్రతి మార్పూ ధర, గడువు సహా రాతలో, రెండువైపులా సంతకంతో ఉండాలి. నోటిమాటగా చేర్చుకున్న మెట్టూ దీపమూ చివరి బిల్లు దగ్గర తగవులకు మొదటి కారణం.

అడ్వాన్సుపై చట్ట పరిమితులు చాలామందికి తెలియవు. కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతు ఒప్పందానికి ముందస్తు చెల్లింపు మొత్తంలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, వీటిలో ఏది తక్కువైతే అది మించరాదు. మేరీల్యాండ్‌లో మూడోవంతు మించరాదు. మిగిలిన మొత్తాన్ని క్యాలెండరు తేదీలకు కాక తనిఖీలకు ముడిపెట్టడం ఉత్తమం. ఫుటింగు తనిఖీ దాటాక కొంత, చట్రం తనిఖీ దాటాక కొంత, చివరి తనిఖీ పత్రం చేతికి వచ్చాక మిగిలినది చెల్లిస్తారు.

అమెరికా చట్టంలో భారతదేశం నుంచి వచ్చినవారికి కొత్తగా తోచే అంశం మెకానిక్స్ లీన్. యజమాని కాంట్రాక్టరుకు పూర్తిగా చెల్లించినా, ఆ కాంట్రాక్టరు కలప దుకాణానికో ఉప కాంట్రాక్టరుకో బాకీ పెడితే, వారు ఆ ఇంటి మీద హక్కు నమోదు చేయవచ్చు. ఒకే పనికి రెండుసార్లు చెల్లించాల్సిన పరిస్థితి ఇలా వస్తుంది. ప్రతి విడత చెల్లింపుతో పాటు కాంట్రాక్టరు, సరఫరాదారుల నుంచి లీన్ వదులుకున్నట్టు సంతకం చేసిన పత్రం తీసుకోవడమే దీనికి రక్ష.

ఇంటికి వచ్చి అమ్మిన ఒప్పందాలను మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కును సమాఖ్య వాణిజ్య సంఘం నియమం చాలా సందర్భాల్లో ఇస్తుంది. ఈరోజే సంతకం పెడితేనే తగ్గింపు అనే మాటకు ఈ హక్కు విరుగుడు.

కాలం, నిర్వహణ

వసంతం, వేసవి కాంట్రాక్టర్లకు తీరిక లేని కాలం. శరదృతువులో ఒప్పందం కుదిరితే సమయం, ధర రెండూ కొంత అనుకూలిస్తాయి. నేల గడ్డకట్టే రాష్ట్రాల్లో ఫుటింగులు అంతకుముందే పోయాలి. మందు కలప ఆరడానికి వారాలు పడుతుంది, తడి చెక్కకు రంగు వేస్తే పొరలుగా లేస్తుంది.

డెక్ భద్రతా మాసంగా మే నెలను పాటిస్తారు. ఏటా ఒకసారి లెడ్జర్ దగ్గర, స్తంభాల అడుగున, మెట్ల మూలల్లో స్క్రూడ్రైవరు మొనతో చెక్కను గుచ్చి చూడాలి. మొన సులువుగా దిగితే కుళ్లు మొదలైనట్టే. రెయిలింగును బలంగా తోసి చూడాలి, తుప్పు పట్టిన బోల్టులను మార్చాలి, పలకల సందుల్లో ఇరుక్కున్న ఆకులను తీసేయాలి. వాటి కింద తేమ నిలిచి చట్రం పైఅంచు ముందుగా చెడుతుంది. పాత ఇల్లు కొనేటప్పుడు 2004కు ముందు కట్టిన డెక్ ఉంటే, అందులో ఆర్సెనిక్ మందు కలప ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి చెక్కను ఇసుక కాగితంతో రుద్దకూడదు, పొయ్యిలో కాల్చకూడదు, పెరట్లో కూరగాయల మళ్లకు వాడకూడదు. తీసేసినప్పుడు స్థానిక చెత్త నియమాల ప్రకారం పారవేయాలి.